తలవైపు ఖాళీ

గోడ మీద మేకు ఉంది. ఫోటో లేదు.

మంగళవారం ఉదయం పదిన్నరకి గ్యాలరీ తలుపు తీసిన వాచ్‌మన్ ఆ మేకుని చూసి గుండె బాదుకున్నాడు. మొత్తం ముప్ఫై ఆరు ఫోటోలు ఉండాల్సిన గోడలు. మిగతా ముప్ఫై అయిదూ చెక్కుచెదరలేదు. దొంగ వాటి వంక కన్నెత్తి చూసినట్టు కూడా లేదు.

గోవిందరాజు వచ్చేసరికి పన్నెండు దాటింది. ధర్మతలా దగ్గర ఊరేగింపు అడ్డం వచ్చింది. ఎర్రజెండాలు పోయేదాకా టాక్సీవాడు ఇంజన్ ఆపేసి నిద్రపోయాడు.

గోవిందరాజు ఖిదిర్‌పూర్ డాక్ లైన్లలో పుట్టినవాడు. తండ్రి కూర్మయ్య టెక్కలి నుంచి వచ్చి రేవులో ఖలాసీగా చేసి అక్కడే పోయాడు. కొడుకు పోలీసు డిటెక్టివ్ డిపార్ట్‌మెంటులో సబ్-ఇన్‌స్పెక్టర్ దాకా ఎదిగాడు. పైవాళ్లతో పడక బయటికొచ్చి, ఇప్పుడు సొంతంగా కేసులు చూసుకుంటున్నాడు. పోలీస్ స్టేషన్ గడప తొక్కితే పరువు పోతుందనుకునే పెద్దమనుషులే ఆయన క్లయింట్లు. అలాంటివాళ్లకి ఈ నగరంలో కొదవ లేదు.

"పోలీసులు వద్దు, గోవింద్‌దా," బెంగాలీలో అంది ఇంద్రాణీ లాహిరి.

ఆమె 'నవదృష్టి' అనే కార్యక్రమానికి డైరెక్టర్. ఏటా ఊళ్లో ఎదిగొస్తున్న ఫోటోగ్రాఫర్లలో ఆరుగురిని ఎంపిక చేస్తారు. ఏడాది పాటు స్టైపెండ్, పెద్దవాళ్ల దగ్గర శిక్షణ, చివర్లో విదేశంలో ఒక ప్రదర్శన. ఎంపికైనవాళ్ల మొదటి ఎగ్జిబిషన్ ఆ శుక్రవారం మొదలు కావాలి.

"ఇంకో ప్రింట్ వేసుకోవచ్చుగా?" అన్నాడు గోవిందరాజు.

"వేసుకోవచ్చు. కానీ ఓపెనింగ్ రోజు ఆ పిల్ల మళ్లీ వచ్చి గొడవ చేస్తే? మినిస్టర్ వస్తున్నారు."

"అంటే దొంగెవరో మీకు తెలుసు."

ఇంద్రాణి చెప్పడానికి వెనకాడలేదు. "యూనిస్ అని, సంత్రాగాఛి పిల్ల. మీ తెలుగమ్మాయే. తనూ అప్లై చేసింది, సెలెక్ట్ కాలేదు. నిన్న నాలుగింటికి వచ్చింది. ఆ ఫోటో ముందు నిలబడి, ఇది నేను తీసింది అని కేకలు పెట్టింది. అసూయ, ఇంకేముంది?"

"కేకలు పెడితే ఏం చేశారు?"

"కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డాం."

పోయిన ఫోటో కేటలాగ్‌లో ఉంది. గోవిందరాజు కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

నలుపు తెలుపు ఫోటో. రైల్వే క్వార్టర్ ముందు, ఆరుబయట, శవపేటిక. మూత తీసి ఉంది. లోపల తెల్లచీరలో ఒక నడివయసు ఆవిడ. పేటిక చుట్టూ ఎనిమిది మంది నిలబడ్డారు. అందరూ నేరుగా కెమెరాలోకి చూస్తున్నారు. వాళ్ల వెనక ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది, లోపలంతా చీకటి. పేటిక తలవైపు మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీ. ఆ ఖాళీ పక్కనే ఒక ముసలావిడ, చెయ్యి ముందుకి చాచి ఉంది.

కింద జ్యూరీవారి వ్యాఖ్య. 'ఆ ఖాళీ మృత్యువు నిలబడిన చోటు. వృద్ధురాలి హస్తం ప్రేక్షకుణ్ణి భిక్ష అడుగుతోంది.'

గోవిందరాజు తన సర్వీసులో చాలా శవాలని చూశాడు. మృత్యువు ఫోటోకి నిలబడుతుందని మాత్రం ఆయనకి ఇదివరకు తెలియదు.

"ఈ ఒక్క ఫోటోతోనే ఆ అబ్బాయి సెలెక్ట్ అయ్యాడు," అంది ఇంద్రాణి. "జ్యూరీ అంతా ఒక్క మాట మీద ఉన్నారు."

ఆ అబ్బాయి పేరు శ్యామసుందర్. ఇరవై నాలుగేళ్లు. తండ్రి హైదరాబాద్ నుంచి పెద్ద ఉద్యోగం మీద వచ్చి సాల్ట్ లేక్‌లో స్థిరపడ్డాడు. కుర్రవాడు మర్యాదగా లేచి నిలబడ్డాడు. మేకు పక్కనున్న అయిదు ఫోటోలూ అతనివే. రేవు క్రేన్లు, లంగరు తాళ్లు, వాన నీళ్లు. శుభ్రంగా ఉన్నాయి. ఒక్కదాన్లోనూ మనిషి లేడు.

"పోయిన ఫోటో ఎవరు తీశారు?"

"నేనే తీసిన, సార్."

"ఎప్పుడు?"

"పోయిన ఆగస్టుల. యూనిస్ వాళ్ల అమ్మ చనిపోయిన రోజు. మేమిద్దరం ఒకే ఫోటో క్లబ్, సార్. నేను చూడనీకి పోయిన."

"కెమెరా ఎవరిది?"

"ఆమెదే. కానీ ఆమె తీసే పరిస్థితిల లేకుండె."

"అప్పుడు ఆ అమ్మాయి ఎక్కడుంది?"

"ఇంట్లనే. లోపల ఏడుస్తుండె."

"ఫిల్మ్ కడిగింది?"

"నేనే. మా ఇంట్ల డార్క్‌రూమ్ ఉంది."

"నెగటివ్?"

శ్యామసుందర్ కవరు తీసి ఇచ్చాడు. అందులో ఒక్క ఫ్రేమే ఉంది. చిన్న ముక్క. అటూ ఇటూ కత్తెరతో కత్తిరించి ఉంది. కుడివైపు కత్తెర వంకరగా పడింది. తొందర్లో కత్తిరించినట్టు.

"దీని తర్వాతది ఏమైంది?"

"షేక్ అయింది, సార్. పడేసిన."

జవాబు వెంటనే వచ్చింది. ప్రశ్న పూర్తి కాకముందే వచ్చే జవాబంటే గోవిందరాజుకి మొదటి నుంచీ పడదు.

హౌరాలో లోకల్ పట్టుకుని సంత్రాగాఛిలో దిగేసరికి మూడు దాటింది. క్వార్టర్ కనుక్కోవడం కష్టం కాలేదు. గుమ్మం మీద శిలువ, పక్కన తులసి కోటలా కట్టిన సిమెంటు తొట్టెలో కరివేపాకు. తలుపు తీసింది యూనిసే. బక్కపల్చని పిల్ల. హౌరా స్టేషన్ దగ్గర ఒక ఫోటో షాపు కౌంటర్లో పనిచేస్తుంది. ఆ రోజు సెలవు పెట్టింది.

"ఫోటో నువ్వు తీసుకొచ్చావా?"

"తెచ్చీసినాను, అంకుల్." బుకాయింపు లేదు. "వాచ్‌మన్ చాయ్ తాగనాకి ఎల్లినాడు. చున్నీలో సుట్టీసి తెచ్చీసినాను."

"దొంగతనం కాదేటి?" గోవిందరాజు నోట కూడా ఇంటిభాష వచ్చేసింది.

"అందులో ఉన్నది మాయమ్మ. తీసింది నేను. దొంగతనం ఎలగవుద్ది?"

"మరి అతను తానే తీసినానంటన్నాడు."

"ఆ దినం రెండు ఫోటోలు తీసినాం, అంకుల్. ఎలుగు సరిపోతాదో లేదో అని ముందు నేనొకటి నొక్కినాను. అదే ఇది. తరవాత శ్యామ్ కెమెరా పుచ్చుకుని, నువ్వెల్లి నిలబడు, నేను తీస్తానన్నాడు. రెండోది అతను తీసినాడు. ఫిల్ము రోలు కడగనాకి అతనికే ఇచ్చినాను. వారం పోయినాక వచ్చి, రోలంతా పాడైపోనాదని సెప్పినాడు. నేను నమ్మీసినాను. అతన్ని నేనే ఊరుకోబెట్టినాను, పోనీలే నువ్వేం సేస్తావని."

యూనిస్ మంచం మీద కూర్చుంది.

"నాకు ఆ సెలక్షనూ వద్దు, ఏటీ వద్దు. ఇది పాడవలేదంటే రెండోది కూడా పాడవలేదు కదా? అందులో నేనున్నాను. అమ్మ పక్కన. అమ్మతోటి నాకున్న ఫోటో అదొక్కటే. సిన్నప్పటివన్నీ వానకి క్వార్టర్లోకి నీలొచ్చేసి పోనాయి. పెద్దయినాక కెమెరా ఎప్పుడూ నా సేతిలోనే. నన్నెవరు తీస్తారు? ఆ ముక్క ఇప్పించండి, అంకుల్. ఈ ఫోటో అతన్నే ఉంచుకోమనండి."

గోవిందరాజు ఆ పిల్లని నమ్మాడు. అయితే నమ్మకం కేసుకి పనికిరాదు. సాక్ష్యం కావాలి.

సాక్ష్యం వంటింట్లోంచి వచ్చింది. మేనమామ ప్రేమానందం, రైల్వేలో ఫిట్టరు. చనిపోయిన యూనిస్ తల్లి సువార్తమ్మకి తమ్ముడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. అబద్ధం చెప్పమన్నా చెప్పలేడు. అదే వచ్చిన చిక్కు.

"కెమెరా ఎవరి చేతిలో ఉండగా చూశారు?"

"ఆ కుర్రోడి సేతిలో, సార్."

"అది రెండోదానికి, మావయ్యా!" అంది యూనిస్.

"నాకు తెల్దమ్మా. ఆ దినం నాకు కళ్లు కనబడినాయేటి? అటు సూడండని ఆ కుర్రోడు అన్నది మాత్రం యినబడింది. దేవుడి ముందు ఉన్నది ఉన్నట్టు సెప్పాల గదా."

యూనిస్ తలుపు దగ్గరికి పోయి నిలబడింది. సొంత మేనమామ మాటే అవతలివాడికి సాక్ష్యమైపోయింది.

గోడ మీద ఫ్రేము కట్టిన పాత ఫోటో ఒకటి ఉంది. అదీ శవపేటికే. దాని చుట్టూ మనుషులే.

"ఇది ఎవరిది?"

"మా నాన్నది. యూనిస్ పుట్టకముందే పోనాడు." ప్రేమానందం దగ్గరికి వచ్చాడు. "ఊర్నించి సుట్టాలందరూ రాలేరు కదండీ. వోల్లకి పంపనాకి తీయిస్తాం. మా క్వార్టర్లలో అందరిల్లల్లోనూ ఉంటాయి."

"తలవైపు నిలబడిన అమ్మాయి?"

"అదే మా సువార్తక్క. తలకాడ పెద్దబిడ్డే నిలబడాల. పెద్దబిడ్డ రాకుండా ఫోటో తియ్యరు, పెట్టెకి మూతెయ్యరు. అక్క అప్పుడు విజీనారంలో నర్సు ట్రైనింగులో ఉండేది. మర్నాడు మెయిలు దిగి వచ్చిందాకా అందరం అలగే కూకున్నాం."

యూనిస్ మంచం కింద నుంచి ఫోటో తీసి తెచ్చింది. ఇప్పుడు పాత చీరలో చుట్టి ఉంది.

"ఇందులో ఉన్న మీ అమ్మమ్మకి చూపించావా?"

"లేదంకుల్. సూస్తే అందులో నన్నెతుకుద్ది."

ఫోటో తీసుకుని, మర్నాడు మూడింటికి మేనమామతో గ్యాలరీకి రమ్మని చెప్పి, గోవిందరాజు తిరుగు లోకల్ ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని ఫోటో ఒళ్లో పెట్టుకున్నాడు. రామ్‌రాజాతలా స్టేషన్ దాటింది. టికియాపాడా దాటింది.

అప్పుడు కనిపించింది.

ఒళ్లు మండిపోయింది. ఆ కుర్రవాడి మీద కొంత, జ్యూరీ మీద కొంత. ఎక్కువ తన మీదే. పొద్దున్నే కనిపించాల్సిన సంగతి. కళ్లెదుటే ఉంది. గ్యాలరీలో ఆ వ్యాఖ్య చదివి తనూ ఆ ఖాళీని ఖాళీగానే చూశాడు.

బుధవారం మూడు గంటలు. ఫోటో మళ్లీ మేకుకి ఎక్కింది. దాని ముందు అయిదుగురు. ఇంద్రాణి, శ్యామసుందర్, ప్రేమానందం, యూనిస్, గోవిందరాజు. వాచ్‌మన్ని బయట నిలబెట్టారు.

"దొరికింది కదా, ఇంకేమిటి?" అంది ఇంద్రాణి. "ఆ అమ్మాయి సారీ చెబితే చాలు. కంప్లైంట్ ఇవ్వం."

"చెప్పిస్తాను, మేడమ్," అన్నాడు గోవిందరాజు బెంగాలీలో. "ఎవరు ఎవరికి చెప్పాలో తేలాక."

శ్యామసుందర్ వైపు తిరిగాడు.

"నువ్వు ఈ ఫోటో తీసినప్పుడు యూనిస్ ఎక్కడుందన్నావు?"

"లోపల, సార్. ఇంట్ల."

"ఖాయమేనా? పక్కింట్లో కాదు? పెరట్లో కాదు?"

"ఖాయం, సార్. ఆ తలుపు వెనకాలనే."

"ఆ తలుపు ఫోటోలో చూపించు."

శ్యామసుందర్ వేలు పెట్టాడు. వరసగా నిలబడ్డవాళ్ల వెనక, తెరిచి ఉన్న తలుపు.

"మంచిది. లోపలున్న మనిషిని పిలవాలంటే నువ్వెటు తిరుగుతావు?"

కుర్రవాడు వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఎనిమిది మంది ఉన్నారు. ఒక్కరు వెనక్కి చూస్తున్నారా? ఒక్కరు తలుపు వైపు తిరిగారా? మేడమ్, మీరూ చూడండి. ఈ ముసలావిడ పేరు దయమ్మ. పోయినావిడకి తల్లి. ఆవిడ చెయ్యి ఎటు చాచింది?"

"మనవైపు," అంది ఇంద్రాణి. "కెమెరా వైపు."

"భిక్ష అడుగుతోందని రాశారు. కూతురు పోయిన తల్లి మిమ్మల్నేం అడుక్కుంటుంది, మేడమ్? ఆవిడ పిలుస్తోంది. రా, వచ్చి నిలబడు అంటోంది. ఈ తలవైపు చోటు పెద్దబిడ్డది, ఇక్కడ యూనిస్‌ది. వాళ్ల పద్ధతి అది. పెద్దబిడ్డ లేకుండా అసలు ఫోటోయే తియ్యరు. మరి చోటు ఖాళీగా పెట్టుకుని ఎనిమిది మందీ కెమెరా వంక ఎందుకు చూస్తున్నారు? ఆ బిడ్డ కెమెరా వెనక ఉంది గనక. ఆ ఒక్కటి నొక్కి వస్తుందని ఎదురుచూస్తున్నారు గనక."

ఫోటోలో ఆ ఖాళీ మీద వేలు పెట్టాడు.

"లేదూ, ఇది నువ్వే తీశావనుకుందాం," అన్నాడు గోవిందరాజు, ఈసారి తెలుగులో. "అప్పుడు ఆ ముసలావిడ పిలుస్తున్నది నిన్నే. తలవైపు చోటు ఉంచింది నీకే. చెప్పు బాబూ, సువార్తమ్మకి నువ్వు ఎన్నో బిడ్డవి?"

ప్రేమానందం ఫోటో దగ్గరికి నడిచాడు. ఆయన ఇప్పటిదాకా దాన్ని చూడనేలేదు. ఫోటోలో ఆ ఖాళీకి రెండో పక్కన నిలబడ్డది తనే.

"నేనే జరిగినాను," అన్నాడు. "పిల్లకి సోటుండాలని నేనే ఇటు జరిగి నిలబడినాను. గ్యాపకం వచ్చింది. అమ్మ కేకేసింది, ఒలే రాయే, ఇంకా ఆ కెమెరా ఏటి, అని. నన్ను క్షమించమ్మా, యూనిస్."

శ్యామసుందర్ స్టూలు మీద కూలబడ్డాడు.

"టెస్ట్ షాట్ అన్నది, సార్," అన్నాడు చివరికి. "ఆమెకి తెల్వదు అదేం ఫోటోనో. డార్క్‌రూమ్‌ల ట్రేలో బొమ్మ పైకి లేస్తుంటే చూసిన. నేను అయిదేండ్ల సంది తీస్తున్న. అట్లాంటిది ఒక్కటి రాలే. ఆమె ఊకెనే నొక్కింది, వచ్చింది."

"అందుకని రోలు పాడైందన్నావు."

"అన్న."

"రెండో ఫ్రేమ్ షేక్ అయిందా?"

"లేదు. మంచిగనే వచ్చింది. అందుల ఆమె ఉంది, సార్. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలిసిపోతది."

"ఎక్కడుంది?"

యూనిస్ ఒక అడుగు ముందుకి వేసింది. ఆ పిల్ల ముఖంలో ఆశ చూడలేక గోవిందరాజు గోడ వైపు తిరిగాడు. జవాబు ఆయనకి నిన్న కత్తెర వంకర చూసినప్పుడే తెలిసిపోయింది. తన ఊహ తప్పు కావాలని నిన్నటి నుంచీ కోరుకుంటున్నాడు.

"కాల్చేసిన," అన్నాడు శ్యామసుందర్.

"నువ్వు నిజంగా తీసిన ఫోటో అదొక్కటేరా," అన్నాడు గోవిందరాజు. కోపం కన్నా అసహ్యమే ఎక్కువుంది ఆ గొంతులో. "ఆ రోజు ఆ పిల్లని వెళ్లి నిలబడమన్నావు చూడు, అంత బుద్ధి నీకుంది. దాన్నే కాల్చేసుకున్నావు."

గోవిందరాజు జరిగింది ఇంద్రాణికి బెంగాలీలో చెప్పాడు. ముందుగా తేరుకున్నది ఆమే. ఆమె ఉద్యోగమే అది. శ్యామసుందర్ పేరు కొట్టేస్తారు. ఫోటో కింద యూనిస్ పేరు వేస్తారు. ఆరో చోటు యూనిస్‌దే. ప్రింటర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తే శుక్రవారానికి కొత్త కేటలాగ్ వచ్చేస్తుంది.

"ఆ ఖాళీ వెనక ఇంత కథ ఉందా!" అంది. ఆమె కళ్లు నిజంగానే చెమర్చాయి. "శుక్రవారం ఇదంతా నువ్వే చెప్పాలి, యూనిస్. మైకు ముందు. మీ అమ్మమ్మని కూడా తీసుకురా. రెండో ఫోటో లేకపోవడం కూడా... ఎలా చెప్పను, ఆ ఖాళీ ఇంకా పెద్దదైంది."

గోవిందరాజు ఇరవై మూడేళ్ల సర్వీసులో ఆడవాళ్ల మీద చెయ్యెత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

యూనిస్‌కి ఆ మాటలేవీ చేరినట్టు లేదు. శ్యామసుందర్ దగ్గరికి వెళ్లింది. కొడుతుందనుకుని అతను ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ఆ పిల్ల అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అందులో నేనెలగున్నాను?" అంది.

అతనికి అర్థం కాలేదు.

"ఆ ఫోటోలో. నువ్వొక్కడివే కదా సూసింది. సెప్పు. ఎలగున్నాను?"

"యూనిస్, నేను..."

"అమ్మ మీద సెయ్యేసినానా? ఏసినట్టే ఉంది నాకు. నుదుటి మీద. కాదేటి?"

"ప్రింట్ తీయలేదు," అన్నాడు శ్యామసుందర్. "నెగటివ్‌లనే చూసిన. అందుల మొఖాలు తెలుస్తయా? తలకాడ మనిషి ఉన్నదని చూసిన. అది నువ్వే అనుకున్న. కట్ చేసిన. అంతే."

"సెయ్యి సూడలేదా?"

"చూడలే."

"నేను అమ్మ ఏపు సూస్తన్నానా, నీ ఏపు సూస్తన్నానా?"

"తెల్వదు."

"ఏమంటోంది?" అని ఇంద్రాణి అడిగింది. గోవిందరాజు ఆమెకి బెంగాలీలో చెప్పలేదు. ప్రేమానందం వచ్చి మేనకోడలి భుజం పట్టుకుని లేపబోయాడు. ఆ పిల్ల లేవలేదు.

"మరోపాలి గ్యాపకం తెచ్చుకో, శ్యామ్," అంది. "తొందరేటి లేదు. నేను కూకుంటాను."